ఖాళీల మాస్టారు

నిప్పు, చక్రం కనిపెట్టిన తరవాత మానవజాతి వేసిన మూడో పెద్ద అడుగు ఏదంటే, ఒక ఏడంతస్తుల బీమా కార్యాలయంలో ఓ నెట్‌వర్క్ ఉద్యోగి పేరు రాయాల్సిన చోట పేరు రాయడం మానేయడం. చరిత్రకారులు ఇంకా ఈ సంగతి పట్టించుకోలేదు.

అంతకుముందు ఆ భవనంలో కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపే నూట ఎనభై నెట్‌వర్క్ స్విచ్‌లకూ తలా ఒకరు తమకు తోచినట్టు సెట్టింగులు కొట్టేవారు. ఒకే అంతస్తుకు మూడు పేర్లుండేవి. ఆయన విసుగెత్తి ఒకే ఒక నమూనా రాశారు. మారే ప్రతిచోటా, అంటే స్విచ్ పేరు, అంతస్తు, చిరునామా ఉండాల్సిన చోట, మీసాల్లా మెలితిరిగిన బ్రాకెట్ల మధ్య ఒక ఖాళీ వదిలారు. ఏ స్విచ్‌కు ఏది పడాలో వేరే జాబితాలో ఉంటుంది. పూరించే పని కంప్యూటర్‌ది. నమూనాలో ఎవరైనా అసలు పేరొకటి పెడితే ఆయనకు ఒళ్లు మండేది. బడిలో ఖాళీలు పూరించిన జనం ఆయనకు ఖాళీల మాస్టారని పేరు పెట్టారు.

ఈ విద్యను ఆయన కూర్చోబెట్టి నేర్పింది ఒక్కరికే, తానే ఉద్యోగంలో పెట్టించిన సొంత బావమరిదికి. విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. ఆ ఒక్క ఖాళీలో మాత్రం తన పేరు పడాలని మాస్టారు ఆశపడ్డారు. మేనేజరు ముందు నమూనా చూపించే పని, మాటకారి కదా అని, బావమరిదికి అప్పగించారు.

"బాగుందయ్యా. ఒక్కడివే చేశావా?" అన్నాడు మేనేజరు.

"ఒక్కణ్ణే సార్. బావగారు కాస్త టైపింగ్ సాయం చేశారు."

మాస్టారు వరండాలో అతన్ని నిలదీశారు. "టైపింగా? రెండేళ్లు కళ్లు పోయేలా రాస్తే నీకు టైపింగ్‌లా కనపడిందిరా?"

"అబ్బ, అరవకండి బావా! నాకొస్తే మీకొచ్చినట్టు కాదూ? అక్కకి మాత్రం చెప్పకండి, బాధపడుతుంది."

"అక్క మీద ఎంత ప్రేమరా నీకు! పొడవడానికి బావ వీపే దొరికిందా?"

మాస్టారు ఫైలు పట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లారు. మేనేజరు మొదటి పంక్తి చదివాడు. రాసినవారు: బావమరిది.

"అది ఖాళీ అండీ. చివరిసారి దీన్ని కంప్యూటర్లో ఎవరు నడిపితే వాళ్ల పేరు పడుతుంది."

"మరి మీ పేరు ఎక్కడుంది?"

మాస్టారు మొత్తం నాలుగు వందల పంక్తులూ వెతికారు. నిజానికి వెతకనక్కర్లేదు. నమూనాలో ఎవరి పేరూ ఉండకూడదన్న పట్టుదలతో తన పేరును తానే చెరిపేశారు. ఆ సంగతి తెలిసిన రెండో మనిషి అప్పుడు వరండాలో ఆ నమూనాకే అభినందనలు అందుకుంటున్నాడు.

"చూద్దాం లెండి," అన్నాడు మేనేజరు, ఫైలు మూస్తూ.

పదవి బావమరిదికి వచ్చింది. ఆ మధ్యాహ్నం మూడో అంతస్తుకు కొత్త స్విచ్ కావలసివచ్చింది. మాస్టారు వెళ్లి ఆ నమూనాతోనే పెట్టి వచ్చారు. నాలుగు నిమిషాలు పట్టింది.