రెండు మోకాళ్ళ మీద సిరా గుర్తు

ఆపరేషన్ గదిలో పెద్ద నర్సుకి అందరూ చాటుగా పెట్టుకున్న పేరు ఆగండమ్మ. సర్జన్ చేతికి కత్తి అందించే ముందు “ఆగండి” అని, చెక్‌లిస్టు తీసి పైకి చదవడం ఆవిడ ఇరవై రెండేళ్ళ అలవాటు. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు? ప్రతి ఒక్కరూ నోరు విప్పి చెప్పాలి, తల ఊపితే ఒప్పుకోదు. చూడకుండా టిక్కు పెట్టేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. అబ్బో, ఎంతమంది కొత్త నర్సుల చేత కన్నీళ్ళు పెట్టించిందో!

ఆ రోజు రోగి కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ఎడమ మోకాలికి ఆపరేషన్. అతను మత్తులోకి వెళ్ళాక ఆవిడే దుప్పటి కాస్త తొలగించి, ఏ కాలో తెలియడానికి పెట్టే సిరా గుర్తు కనబడిన మోకాలికి గోధుమరంగు మందు పూసి, చుట్టూ ఆకుపచ్చ గుడ్డలు పరిచింది.

“ఆగండి,” అంటూ కాగితం అందుకుంది.

“కానివ్వు తల్లీ, నీ పారాయణం అయ్యేలోపు వాడు లేచి ఇంటికెళ్ళిపోతాడు,” అన్నాడు సర్జన్.

“ఏ వైపు?”

“ఎడమ,” అన్నాడాయన. “ఎడమే,” అంది మత్తు డాక్టరు, ఎక్స్‌రే చూసి.

ఆవిడా అనబోయి, ఎదురుగా ఉన్న కాలు చూసింది. అది కుడికాలు. గుడ్డ ఎత్తి రెండో మోకాలు చూస్తే దానిమీదా గుర్తుంది, ఇంకా ముదురుగా. పొద్దున వార్డులో గుర్తు పెట్టాక, తడి ఆరకముందే అతను మోకాళ్ళు ఆనించి పడుకున్నాడు. సిరా అటు అంటుకుంది.

గుర్తు పెట్టినవాళ్ళ మీదకి నెట్టేయొచ్చు. కానీ పూసే ముందు కాగితంతో సరిచూడాల్సింది తనే. సిగ్గుతో ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

“నేనే తప్పు కాలికి పూశాను సార్.”

గుడ్డలన్నీ తీసి, ఎడమకాలికి కొత్తవి పరిచారు. సర్జన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చదువమ్మా, మొదట్నించీ.”

సాయంత్రం వార్డులో లైన్‌మన్ అడిగాడు. “కుడికాలికీ రంగు పూశారేంటక్కా?”

“పొరపాటు నాదే తమ్ముడూ. కోసే ముందు కాగితం చదువుతుంటే తెలిసింది.”

అతను కుడి మోకాలు తడుముకున్నాడు.

“మేమూ అంతేనక్కా. ఎక్కేముందు కరెంటు తీశారా అని కిందవాణ్ణి అడుగుతాం, వాడు నోటితో చెప్పాలి. మా అన్నయ్య ఒక్కరోజు అడక్కుండా ఎక్కాడు.”