ఓబులేసు పుస్తకాల దండు

ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే కర్నూలు చుట్టుపక్కల రైతులు పైగుడ్డ తీసి దండం పెట్టేవాళ్ళు. ఓబులేసు మాత్రం గొడుగు తీసుకొని హంద్రి ఏటి ఒడ్డుకు పరుగెత్తేవాడు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడడానికి. ఏట్లో నీళ్ళుండేవి కావు. ఇసుకలో గాడిదలు పడుకొని ఉండేవి. వాటినే కాసేపు అనుమానంగా చూసి వెనక్కి వచ్చేవాడు.

ఏటి ఒడ్డున పాత రాతి మిద్దెలో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. దానికి అధికారి, గుమాస్తా, చీపురు పట్టేవాడు అన్నీ ఓబులేసే. నలభై దాటిన సన్నటి మనిషి. పుస్తకం అడగడానికి వచ్చిన ప్రతివాడినీ ఆయన ముందు ఒక ప్రశ్న అడిగేవాడు.

"వరదొస్తే ఈ పుస్తకాల గతి ఏమప్పా?"

ఓర్వకల్లు వైపు నుంచి గడ్డిబండి తోలుకొచ్చిన ఒక రైతు ఆ మాట విని బండి ఆపాడు. "నీ నోట్లో చక్కెర పొయ్య! ఎప్పుడొస్తాదో చెప్పప్పా. మా చేనికి గూడ ఒక మాట చెప్పి పంపు," అన్నాడు.

ఓబులేసు భయం ఊరికే పుట్టింది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన కడపలో ఒక పఠనమందిరం చూసుకునేవాడు. ఒక ఏడు వాన దంచి కొట్టి, వంక పొంగి గదిలోకి వచ్చింది. తలుపు తీసేసరికి పుస్తకాలు చారులో ముక్కల్లాగా తేలుతున్నాయి. ఒక్కటొక్కటే ఏరి, వీధి పొడవునా తాళ్ళు కట్టి ఆరేశాడు. అన్నం తినడానికి అటు పోగానే మేకలు వచ్చి శతకాలన్నీ నమిలేశాయి. "ఇంత కాలానికి వాటిని వంటబట్టించుకున్నోళ్ళు దొరికినారు" అని ఊరంతా నవ్వింది. ఓబులేసు మిగిలిన అట్టల పక్కన కూర్చొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ సిగ్గుతోనే కడప విడిచిపెట్టి కర్నూలు చేరాడు.

"మనిషి ఈడికొచ్చినాడు గానీ, ఆ నీళ్ళు ఇంకా ఈయప్ప తలకాయలోనే ఉండాయి," అనేది ఆయన భార్య రామలక్ష్మమ్మ.

ఒంటరిగా పుస్తకాలు కాపాడడం తనవల్ల కాదని కడపలో ఆయనకు తెలిసొచ్చింది. అందుకని తోడు వెతుక్కున్నాడు. మొదట దొరికింది మిషన్ బడి పెద్ద టీచరు జ్ఞానమణి. చర్చి వెనక గదిలో పాతకాలపు బైబిళ్ళు, దొరలు చేత్తో రాసుకున్న తెలుగు పాఠాలు ఒక బీరువా నిండా ఉండేవి. ఆమె భయం చెదలు. రెండోవాడు లింగారెడ్డి, పింఛను తీసుకుంటున్న తాసిల్దారు. మెరకమీద ఉన్న తన బంగళా వసారాను ఆయన మ్యూజియం అనేవాడు. అందులో తుప్పుపట్టిన కత్తులు, అక్షరాలున్న బండలు, నవాబుల నాటి నాణేలు, వీటన్నిటికీ పైన పొట్టు కూరిన ఒక మొసలి ఉండేవి. మొసలిని తుంగభద్రలో తానే కాల్చానని రెడ్డి చెప్పేవాడు. ఆయన భయం పక్కింటి గడ్డివామి. అది ఎప్పుడు అంటుకుంటుందో అని.

ముగ్గురూ చర్చి గదిలో కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరికి ఆపద వచ్చినా మిగిలిన ఇద్దరూ మనుషులతో, బండ్లతో రావాలి. చర్చి గంట ఆగకుండా మోగితే అదే గుర్తు. గ్రంథాలయం వెనక ఎత్తు మీదున్న మెట్టవీధిలో ఒక్కో ఇంటికి ఒక్కో అర అప్పగించాలి. గంట మోగగానే ఎవరి అర దగ్గరికి వాళ్ళు పోయి, అందులో ఉన్నది ఎత్తుకొని ఇంటికి పోవాలి. అంతే.

అరలు పంచే రోజు గొడవైంది. డిటెక్టివ్ నవలలు జట్కా తోలే దస్తగిరికి పోయాయి. పురాణాలు రామలక్ష్మమ్మకు వచ్చాయి.

"బరువంతా నాకేనా?" అందామె.

"పుణ్యం గూడ నీకే గదమ్మే."

"ఆ పుణ్యమేందో నువ్వే ఉంచుకో. నాకు నవల్లియ్యి."

మొత్తానికి దండు తయారైంది. వీధిలో పోకిరీలు పెట్టిన పేరే "పుస్తకాల దండు". ఓబులేసు ఆ పేరు విని కోపం తెచ్చుకోలేదు. పైగా, ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

ఆ ఏడే, అంటే యాభైమూడులో, ఆంధ్ర రాష్ట్రం విడిపడి కర్నూలు రాజధాని అయింది. ఊరు ఊరంతా తిరునాళ్ళ అయిపోయింది. ఆఫీసులకు మిద్దెలు చాలక డేరాలు వేశారు. దొరికిన గోడౌన్లో, సత్రంలో, పశువులు కట్టే కొట్టంలో కూడా బల్లలు వేసుకొని గుమాస్తాలు కూర్చున్నారు. ఖాళీ ఇల్లు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి బోర్డు తగిలించేవాళ్ళు.

సరిగ్గా అలాంటి రోజుల్లో ఓబులేసు దండును పరీక్షించాలనుకున్నాడు. వరద వచ్చినట్టే అనుకొని ఒకసారి అంతా మోసి చూద్దామన్నాడు. లింగారెడ్డి మీసం దువ్వాడు.

"వరద నీకు. మరి నా అగ్గి సంగతేంది? అదే రోజు నా సామాను గూడ మోయాల. మీ పుస్తకాలు బయటికొస్తాంటే, నా మొసలి లోపలికి పోతాది. ఒకే కష్టంలో రెండు పనులు."

జ్ఞానమణికి ఇది నచ్చలేదు. "రెండు ఆపదలు ఒకేసారి రావు రెడ్డీ," అంది.

"మన జిల్లాలో వస్తాయమ్మా," అన్నాడు రెడ్డి. ఆ మాటతో రోజు ఖాయమైంది.

ఒక బుధవారం పొద్దున గంట మోగింది. దండు పరుగెత్తింది. ఓబులేసు తలుపు దగ్గర నిలబడి, "తోసుకోవాకండి! ఎవరి అర వాళ్ళది!" అని అరుస్తూ ఉంటే అరలు ఒక్కొక్కటే బోడిగా తయారయ్యాయి. రామలక్ష్మమ్మ పురాణాలను కొంగులో మూటగట్టి నెత్తిన పెట్టుకొని, మొగుణ్ణి ఒక చూపు చూసి పోయింది. అటు నుంచి దస్తగిరి జట్కాలో మొసలి వచ్చింది. గుర్రానికి వెనక ఏముందో తెలియనంతవరకు బాగానే నడిచింది. మలుపులో తల తిప్పి చూసింది. ఆ తర్వాత గ్రంథాలయం వరకు జట్కాను దస్తగిరి ఆపలేదు, ఆపలేకపోయాడు. మొసలిని దించి వెనక గదిలో పెట్టి తాళం వేశారు. గుర్రాన్ని ఊరుకోబెట్టడానికి బెల్లం పెట్టారు.

పుస్తకాలన్నీ ఇళ్ళకు చేరాయి. ఒక్క కాగితం చినగలేదు. ఓబులేసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేక అందరినీ చర్చి వాకిట్లోకి పిలిచి ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. తిని, చేతులు కడుక్కొని, పుస్తకాలు తిరిగి పెట్టడానికి వచ్చేసరికి గ్రంథాలయం గోడకు కొత్త బోర్డు ఉంది. లోపల బల్లలు, బల్లల మీద ఫైళ్ళు, ఫైళ్ళ వెనక గుమాస్తాలు. అది ఏ ఆఫీసో పేరెందుకులెండి. సూపరింటెండెంటు వెంకటరత్నం గుంటూరు వైపు మనిషి, మర్యాదస్థుడు. లేచి నమస్కారం పెట్టాడు.

"ఎవరు సామీ మీరు? ఇది గ్రంథాలయం," అన్నాడు ఓబులేసు.

"గ్రంథాలు కనపడవేమండీ?"

"ఇండ్లకు పంపినాము."

"అంటే ఖాళీ అన్నమాటేగా."

"ఖాళీ కాదు. మేమే ఖాళీ చేసినాము."

"అదేనండీ నేనూ రాశాను. ఖాళీ చేసి ఇచ్చారని," అన్నాడు వెంకటరత్నం మెచ్చుకోలుగా. "డేరాలో కాగితాలు గాలికి పోతున్నాయండీ. దేవుడల్లే ఆదుకున్నారు."

ఓబులేసు మెట్ల మీద కూలబడ్డాడు. ఊళ్ళో వార్త పాకడానికి ఎంతసేపు? వరద రాకముందే పుస్తకాలను కొంపనుంచి తరిమిన మొనగాడని చెప్పుకొని నవ్వారు. మిద్దె తిరిగి వచ్చేదాకా మొసలిని కదిలించనని లింగారెడ్డి వెనక గది తాళంచెవి జేబులోనే పెట్టుకొని తిరిగాడు. ఓబులేసు పైవాళ్ళకు అర్జీలు పెట్టాడు. 'పరిశీలిస్తున్నాము' అనే జవాబు వస్తూనే ఉంది. కడపలో కూడా ఇంత అవమానం కాలేదని రాత్రిళ్ళు అన్నం తినకుండా కూర్చుంటే, రామలక్ష్మమ్మ పళ్ళెం ముందుకు జరిపి, "ఆడ పుస్తకాలు పోయినాయి. ఈడ ఇల్లు పోయింది, పుస్తకాలు ఉండాయి. ఏది మేలు? తిను," అంది.

తిన్నాడు. మరునాటి నుంచి గొడుగేసుకొని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఎవరికి ఏ పుస్తకం కావాలన్నా అది ఏ ఇంట్లో ఉందో చెప్పి వెంటబెట్టుకొని పోయేవాడు. ఒక నవల మొదటి భాగం ఒకరింట్లో, రెండోది వాళ్ళకు పగవాళ్ళ ఇంట్లో ఉండేది. కథ ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో ఆ రెండు కొంపలూ మళ్ళీ మాట్లాడుకున్నాయి. దస్తగిరికి చదువు అంతంతమాత్రం. చదవడం వచ్చిన ప్రయాణికుణ్ణి ఎక్కించుకొని నవల చేతికిచ్చేవాడు. హంతకుడు దొరికేదాకా జట్కా దిగనిచ్చేవాడు కాదు. రామలక్ష్మమ్మ సాయంత్రాలు అరుగు మీద కూర్చొని పురాణం చదువుతుంటే వీధి ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. వాళ్ళలో జ్ఞానమణి కూడా ఉండేది. రాక్షసులు వచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా అయ్యయ్యో అనేది ఆమే.

మరుసటి ఏడు వానాకాలంలో పైన ఎక్కడో కుండపోతగా కురిసింది. కర్నూల్లో చినుకు లేదు. ఎండ కాస్తూనే ఉంది. మధ్యాహ్నం వేళ హంద్రి ఎర్రగా, నురగలతో దిగివచ్చింది. ఇసుకలో గాడిదలు లేచి ముందుగా ఒడ్డెక్కాయి. ఓబులేసు అది చూశాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన నీళ్ళు కళ్ళ ముందుకు వచ్చేసరికి పారిపోదామనిపించింది. 'ఆఫీసే గదా, మునగనీ' అని కూడా ఒక క్షణం అనిపించిందట. ఆ మాట తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కానీ కాగితం తడుస్తుందన్న ఊహే ఆయనకు సరిపడదు. చర్చి వైపు పరుగెత్తాడు.

"గంట కొట్టు టీచరమ్మా!"

"పుస్తకాలు ఇండ్లల్లోనే ఉండాయి గదా ఓబులేసూ?"

"ఫైళ్ళుండాయి తల్లీ! అవీ కాగితాలే!"

గంట మోగింది. దండు వచ్చింది. అప్పటికే ఆఫీసులో మోకాటి లోతు నీళ్ళు. గుమాస్తాలు ఫైళ్ళు పట్టుకొని, ఏది ముందు, ఎవరు సంతకం చెయ్యాలి అని వాదించుకుంటున్నారు. వెనక గది తలుపు అప్పుడే నీళ్ళ తోపుకు ఊడిపోయింది. లోపల నుంచి మొసలి, నోరు తెరుచుకొని, నిదానంగా తేలుతూ హాలులోకి వచ్చింది.

ఒక్క కేక. వాదన ఆగిపోయింది. ఎవరు ఏ కిటికీలోంచి దూకారో వాళ్ళకే తెలియదు. వెంకటరత్నం మాత్రం బల్ల మీదకెక్కి, మొసలి తోక ఊపుకుంటూ తన బల్ల వైపే వస్తుంటే, "ఆంజనేయా, ఆంజనేయా" అంటూ దాన్ని ఫైలుతో అదిలిస్తున్నాడు. అదే సమయానికి లింగారెడ్డి గుమ్మంలోకి వచ్చాడు.

"కొట్టవాకండి సామీ! కుట్లు విడిపోతాయి!"

మెట్టవీధి జనానికి మొసలితో ఎప్పటినుంచో పరిచయం. దాన్ని పక్కకు తోసి, ఎవరి అర దగ్గరికి వాళ్ళు పోయారు. అరలో ఉన్నది ఎత్తుకున్నారు. పుస్తకమా, ఫైలా అని ఎవరూ చూడలేదు. రామలక్ష్మమ్మ పురాణాల చోట ఉన్న పెద్ద కట్టలు నెత్తికెత్తుకొని, "ఇవి ఇంకా బరువు, దీంట్లో పుణ్యం గూడ లేదు," అంటూ నడిచింది. ఓబులేసుకు తలుపు దగ్గర నిలబడి అరిచే పని లేకుండా పోయింది. దస్తగిరి ఆఖరున వెంకటరత్నాన్ని బల్ల మీద నుంచి భుజానికెత్తుకొని జట్కాలో వేశాడు. నీళ్ళు కిటికీ అంచుకు వచ్చేసరికి లోపల మొసలి తప్ప ఎవరూ లేరు. దాన్ని లింగారెడ్డి తాడు వేసి లాక్కున్నాడు.

ఏరు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. ఫైళ్ళు ఇళ్ళల్లో పొడిగా ఉన్నాయి. కొన్ని రోజులు వెంకటరత్నం ఓబులేసు గొడుగు కింద నడుస్తూ ఇల్లిల్లూ తిరిగి ఫైళ్ళు చూసుకున్నాడు. ఒక ఇంట్లో సంగటి, ఒక ఇంట్లో జొన్నరొట్టె పెట్టారు. పది పన్నెండు ఇళ్ళ తర్వాత ఆయన, "ఇన్నాళ్ళూ మీరిట్లా తిరిగింది నా మూలంగానే కదండీ," అన్నాడు. ఓబులేసు గొడుగు ఆయన వైపు ఇంకొంచెం వంచాడు. ఆ వారమే వెంకటరత్నం, ఆ మిద్దె ఆఫీసుకు పనికిరాదని పైకి రాసి, ఫైళ్ళతో సహా మెరక మీద డేరాలోకి మారిపోయాడు.

గ్రంథాలయం తిరిగి వచ్చింది గాని, పుస్తకాలు అంత సులువుగా రాలేదు. "ఇంకొంచెం ఉండాది, అయినాక ఇస్తా" అని ప్రతి ఇంట్లోనూ అన్నారు. దస్తగిరి అయితే మొహం చాటేశాడు. ఓబులేసు ఆలోచించి, బరువైనవి పై అరల్లో సర్ది, మిగిలినవి ఇళ్ళల్లోనే ఉంచాడు. ఏది ఏ ఇంట్లో ఉందో తనకు గుర్తున్నంతకాలం అవి పోవని ఆయనకు ధైర్యం వచ్చింది.

కొన్నాళ్ళకు ఈ సంగతి విని కడప నుంచి ఇద్దరు పెద్దమనుషులు వెతుక్కుంటూ వచ్చారు. తమ ఊళ్ళో కూడా అలాంటి దండును తయారుచేసిపెట్టమని అడిగారు. నవ్విన ఊరు. ఓబులేసు మర్నాడు జ్ఞానమణినీ రామలక్ష్మమ్మనూ వెంటబెట్టుకొని బస్సెక్కాడు. కడపలో సభ పెట్టారు, పూలదండ వేశారు. మాట్లాడమంటే లేచి నిలబడి, సభ వైపు చూశాడు.

"అన్నిటికంటే ముందు, ఈ వీధిలో మేకలు ఎవరెవరికి ఉండాయో చెప్పండప్పా," అన్నాడు.