నీళ్ళ రోజు వంతెన

అమ్మాన్ తూర్పు కొండ మీది మెట్ల వీధికి శనివారం నీళ్ళ రోజు. పొద్దున ఆరింటికి కుళాయిలు దగ్గి, తుమ్మి, కాస్త గాలి కక్కి, ఆ తర్వాత నీళ్ళిస్తాయి. మధ్యాహ్నం మూడయ్యేసరికి మళ్ళీ వారం దాకా నోరు మూసుకుంటాయి. ఆలోపలే మోటారు పెట్టి మేడమీది ట్యాంకు నింపుకోవాలి, వారం బట్టలు ఉతుక్కోవాలి, గచ్చు మీద బకెట్లు గుమ్మరించి ఇల్లు కడుక్కోవాలి. ఆ రోజు ఆ వీధిలో ఎవరినైనా ఊరికే పలకరిస్తే కసురుకుంటారు.

మిగతా వీధికి కంగారు శనివారం ఒక్కరోజే. అబూ జుహ్దీకి మాత్రం రెండేళ్ళుగా వారమంతా శనివారమే.

అసలు పేరు షాకిర్. పెద్దకొడుకు జుహ్దీ పుట్టి ఆయన అబూ జుహ్దీ, అంటే జుహ్దీ నాన్న, అయ్యాక ఆ పేరు పెళ్ళిపత్రిక మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. కువైట్‌లో పద్నాలుగేళ్ళు మేడలకు కరెంటు తీగలు లాగి, తొంభైలో యుద్ధం పుణ్యమా అని రెండు పెట్టెలతో తిరిగొచ్చాడు. ఈ వీధిలో సగం ఇళ్ళకు వైరింగు చేసింది ఆయనే. అరవై అయిదు నిండగానే భార్య సాదియా, వీధికి ఉమ్ జుహ్దీ, అంటే జుహ్దీ అమ్మ, పనిముట్ల సంచీని మంచం కిందికి తోసి, "ఇక కూర్చుని మరమియా ఆకు టీ తాగుతూ ఉండు" అంది. ఏడాది పాటు తాగాడు కూడా.

తర్వాత ఒకరోజు, రొట్టెలు కొనుక్కుని వస్తూ, వీధి మధ్య తవ్విన గోతి దగ్గర ఆగిపోయాడు. తుప్పు పట్టిన పాత ఇనుప పైపులు పీకి, నల్లటి ప్లాస్టిక్ పైపులు వేస్తున్నారు. వీధంతా సంబరపడుతోంది, ఇకమీదట టీలో తుప్పు రంగు ఉండదని. చంకలో రొట్టెలు చల్లారిపోతున్నా ఆయన కదల్లేదు.

"ఏంటి అబూ జుహ్దీ, గోతిలో బంగారం కనపడిందా?" అని రొట్టెల కొట్టువాడు కేకేశాడు.

కనపడింది బంగారం కాదు, ముప్ఫై ఏళ్ళ కిందటి తన పని. అప్పట్లో అందరూ చేసినట్టే ఆయన కూడా ప్రతి ఇంటి ఎర్త్ తీగనూ ఇనుప నీళ్ళ పైపుకే కట్టాడు. పైపు నేలలోకి పోతుంది కదా, దారి తప్పిన కరెంటు దాని వెంట నేలలోకి దిగిపోయేది. ఇప్పుడు వీధిలో ప్లాస్టిక్ వచ్చింది. ఇంటి లోపలి ముక్క మాత్రం ఇనుపదే. అంటే ఆ తీగ ఎక్కడికీ పోదు. మోటారు పాడైతే ఆ కరెంటును కుళాయికి, వాషింగ్ మెషీన్‌కి, ఇంట్లో ఇనుమన్నదానికల్లా పంచిపెడుతుంది.

ఆ రోజే మంచం కింది సంచీ బయటికొచ్చింది. ఇంటింటికీ తిరిగి, కరెంటు దారి తప్పితే కట్టేసే లీకేజీ స్విచ్ పెట్టించుకోమని పోరు మొదలుపెట్టాడు. కొందరు పెట్టించుకున్నారు, కొందరు టీ ఇచ్చి పంపించారు. వీధి ఆ స్విచ్‌కి జబాన్ అని పేరు పెట్టింది, అంటే పిరికిది. ఏ కాస్త తడి తగిలినా టప్పున పడిపోతుందని.

నాలుగిళ్ళ కింద ఉండే ఉమ్ నవ్వాఫ్ ఇంట్లో మూడు వారాల కిందటే పెట్టాడు. పోయిన శనివారం అది నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ ఆవిడ తడి గౌనుతోనే వచ్చి తలుపు బాది, తిట్టి, ఆయన్ని లాక్కెళ్ళింది. తడిసిన తీగ అతుకులదే తప్పనుకుని ఆయన వాటిని తుడిచి, మీట ఎత్తి వచ్చాడు. ఈ శనివారం పదకొండు దాటింది. తలుపు చప్పుడు లేదు.

ఆయన ముందు జాతర్ పొడి, నూనె, రొట్టె అలాగే ఉన్నాయి. లేచాడు, కిటికీ దగ్గరికెళ్ళాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఏం పోయింది నీకు?" అంది భార్య.

"ఉమ్ నవ్వాఫ్ రాలేదు."

"ఆవిడ రాకపోతే పండగ చేసుకోవాలి. ఏడుపు మొహం దేనికి?"

"పోయినవారం పడిన స్విచ్ ఈ వారం ఎందుకు పడటం లేదు? మోటారు చప్పుడేమో ఇక్కడిదాకా వినబడుతూనే ఉంది."

"బాగుపడి ఉంటుంది."

"మోటార్లు వాటంతటవే బాగుపడితే నేను పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఎందుకు మాడాను?" అంటూనే సంచీ భుజాన వేసుకున్నాడు.

ఉమ్ నవ్వాఫ్ ఇంటి పెరడంతా నీళ్ళు. కోడలు రిహాబ్, ఏడో నెల కడుపుతో, చెప్పుల్లేని కాళ్ళతో, రబ్బరు కర్రతో ఆ నీళ్ళను తూము వైపు తోస్తోంది. గోడవార మోటారు గురగురమంటోంది.

"గోడ దగ్గరికి వెళ్ళకమ్మా. ఆ మెట్టెక్కి నిలబడు. కుళాయి ముట్టుకోకు."

"ఏమైంది మామా?"

ఆయన తలుపు పక్కనున్న కరెంటు పెట్టె మూత తీశాడు. లీకేజీ స్విచ్ మీట కిందికి పడే ఉంది. అయినా ఇంట్లో దీపం వెలుగుతోంది, ఫ్రిజ్ మోగుతోంది. పైనుంచి వచ్చే రెండు తీగలనూ కిందికి వెళ్ళే రెండు తీగలతో ఎవరో కలిపేశారు, స్విచ్‌ని పక్కన కూర్చోబెట్టి. ఆ ముక్కలకు నల్లటేపు కూడా నీటుగా చుట్టారు. దాన్నే ఆ వీధివాళ్ళు వంతెన అంటారు. ఎక్కడెక్కడ నీళ్ళ రోజు వంతెన వేసి మర్నాడు తీస్తున్నారో ఆయనకు తెలియదు. రాత్రుళ్ళు నిద్ర పట్టనిది అందుకే.

మీటరు దగ్గరి మెయిన్ లాగేశాడు. మోటారు ఆగింది.

"ఎవడ్రా ఆపింది!" మేడ మీది నుంచి ఉమ్ నవ్వాఫ్ దిగొచ్చింది, రెండు చేతులా సబ్బు నురగతో. ఆయన్ని చూసి నడుం మీద చెయ్యి వేసింది. "నువ్వా అన్నా! పిలవకుండానే ఊడిపడ్డావా? పెళ్ళికైనా ఇంత తొందరగా రావే!"

"ఈ వంతెన ఎవరు వేశారు?"

"ఇంకెవరు, మావాడు నవ్వాఫ్. టాక్సీ తియ్యబోయే ముందు వేసి వెళ్ళాడు. వెయ్యక? నీ పిరికిది ఈగ తుమ్మినా పడిపోతుంది. అది పడితే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే ట్యాంకు ఎండుతుంది. వారమంతా నీ మొహం చూసి దాహం తీర్చుకోమంటావా?"

"ఆ నీళ్ళలో పిల్ల నిలబడి ఉంది ఉమ్ నవ్వాఫ్."

"పొద్దుటినుంచీ నిలబడే ఉంది. ఏమైందట?"

మెట్టు మీది నుంచి రిహాబ్ మెల్లగా అంది. "కుళాయి తిప్పితే చేతులు జివ్వుమంటున్నాయి అత్తా. పొద్దున రెండుసార్లు. ఒంట్లో రక్తం తక్కువై అలా ఉందేమో అనుకున్నా."

ఉమ్ నవ్వాఫ్ చేతి మీది నురగ కారి మోచేయి దాకా వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది.

"చెబితే పని తప్పించుకుంటున్నానంటావని."

అబూ జుహ్దీ మోటారు దగ్గర గొంతుక్కూర్చుని, సంచీలోని పరీక్ష మీటరు తీసి ముల్లు ఆనించి చూశాడు. తీగ అతుకుల్లో కాదు, మోటారు లోపలి చుట్టలోనే చెమ్మ దిగింది. కరెంటు వేస్తే దాని ఇనుప ఒళ్ళు మొత్తానికీ పాకుతుంది.

"ఇది ఇవాళ తిరగదు. మళ్ళీ చుట్టించాలి."

"తిరగదా?" ఆవిడ గొంతు పెరిగింది. "ట్యాంకులో మోకాలి లోతు కూడా లేదు. పన్నెండయింది. మూడింటికి నీళ్ళు పోతాయి. నెలలు నిండుతున్న పిల్లని పెట్టుకుని వారం రోజులు దేంతో గడపను? చెప్పు! స్విచ్ పెట్టడం తెలుసు, మోటారు ఆపడం తెలుసు, నీళ్ళు తేవడం తెలీదు!"

ఆయన పెరట్లో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

"తప్పు నాది కూడా ఉంది," అన్నాడు. "ఇల్లు మొత్తానికి ఒక్కటే స్విచ్ తగిలించా. మోటారు పాడైతే దీపాలు, ఫ్రిజ్, అన్నీ దాంతోపాటే చచ్చాయి. ఇక మీవాడు వంతెన వెయ్యక ఏం చేస్తాడు? మోటారుకి విడిగా ఒకటి పెట్టి ఉండాల్సింది."

తర్వాత ఏమనుకున్నాడో, గబగబా తన ఇంటికి మెట్లెక్కేశాడు. పెరట్లో తిరుగుతున్న సొంత మోటారు కట్టేసి, పైపులు విప్పడం మొదలుపెట్టాడు.

ఉమ్ జుహ్దీ గుమ్మంలోకి వచ్చింది. "అదేంటి! మన ట్యాంకు సగం కూడా కాలేదు."

"వాళ్ళది అడుగంటింది."

"నీళ్ళ రోజున ఇంట్లో మోటారు ఊరికి దానమిచ్చేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. ఈ వారం నీ బట్టలు నీళ్ళు లేకుండా నువ్వే ఉతుక్కో."

"రిహాబ్‌కి కుళాయి షాకు కొడుతోంది సాదియా. కడుపుతో ఉంది. ఆ ఎర్త్ కట్టింది నేను."

ఆవిడ లోపలికి వెళ్ళి పాత తువ్వాలు తెచ్చి తడి మోటారుకు చుట్టింది. "రెండో వైపు నేను పడతా పద. దారిలో నడుం పట్టేస్తే నిన్ను కూడా నేనే మొయ్యాలి."

ఇద్దరూ మెట్టుకొకసారి ఆగుతూ దాన్ని కిందికి దింపారు. రిహాబ్‌కి ప్లాస్టిక్ చెప్పులు తొడిగి లోపల కూర్చోబెట్టింది ఉమ్ నవ్వాఫ్. ఆయన ముందు వంతెన కోసేసి తీగలను మళ్ళీ పాత స్విచ్‌లోకి ఎక్కించాడు, చెమ్మ మోటారుని విప్పి దూరంగా నెట్టాడు, సంచీలోంచి కొత్త స్విచ్ తీసి మోటారుకి విడిగా తగిలించాడు. ఒకటింబావు. ఒక మర లూజుగా ఉందని మళ్ళీ విప్పాడు. ఒకటిన్నర. ఉమ్ నవ్వాఫ్ టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది, కాస్త వెలుతురు పోయినా తిట్టించుకుంటూ.

రిహాబ్ కిటికీలోంచి అడిగింది. "మామా, ఫ్యూజు ఉంది కదా, మళ్ళీ ఇది దేనికి?"

"ఫ్యూజు తీగ కాలిపోకుండా చూస్తుందమ్మా, నిన్ను చూడదు. మనిషిని చంపే కరెంటు దాని కంటికి ఆననే ఆనదు. ఇదేమో లోపలికెళ్ళిందంతా వెనక్కి వచ్చిందా అని చూస్తుంది. కాస్త తక్కువొస్తే, ఎవరి ఒంట్లోంచో నేలకి పోతోందనే లెక్క. రెప్ప పడేలోపు ఆపేస్తుంది."

"దీపాలకి కూడా ఉండాలా?"

"కొత్త ఇల్లయితే అన్నిటికీ పెట్టమంటాను. పాత ఇంట్లో చేత్తో పట్టుకుని వాడే వస్తువుల ప్లగ్గులు, స్నానాల గది, ఆరుబయటి మోటారు, వీటికి ముందు. ఇలా ఎర్త్ లేని ఇంట్లో అది లేకుండా ఒక్క పూట కూడా ఉండొద్దు. రేపు రాగి కడ్డీ తెచ్చి నేలలో దిగ్గొడతా."

"అన్నా, పాఠం తర్వాత," అంది ఉమ్ నవ్వాఫ్. "రెండయింది."

మోటారు వేశాడు. అందరూ స్విచ్ వంకే చూశారు. పడలేదు. మేడ మీద ఖాళీ ట్యాంకులో నీళ్ళు దబదబ పడుతున్న చప్పుడు వినబడ్డాక గానీ ఉమ్ నవ్వాఫ్ కూర్చోలేదు. కూర్చుని కూడా మూడుసార్లు లేచి చూసింది. మూడుకి అయిదు నిమిషాలుండగా కుళాయి దగ్గి, ఆగిపోయింది. ట్యాంకు మూడొంతులు నిండింది.

వెళ్ళబోయే ముందు ఆయన రిహాబ్‌ని పిలిచి రెండు స్విచ్‌ల మీదా ఉన్న చిన్న బొత్తాం చూపించాడు. "నెలకోసారి ఇది నొక్కు. వెంటనే పడిపోవాలి. పడకపోతే నాకు కబురు చెయ్యి, అంతవరకూ ఏ ప్లగ్గూ ముట్టుకోకు. వంతెన వెయ్యనివ్వకు, మీ ఆయన్ని కూడా."

"ఇంట్లో చెప్పకుండా నొక్కొచ్చా?"

"అడిగితే నొక్కనిస్తారా?"

రిహాబ్ లోపలికి ఓసారి చూసింది. అత్త స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటోంది. ఇల్లంతటి స్విచ్ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. టప్పుమంది. దీపాలు పోయాయి, ఫ్రిజ్ ఆగింది.

"కళ్ళలో సబ్బుందిక్కడ!" అని లోపలినుంచి అరుపు. "ఎవరే కరెంటు తీసింది?"

"నేనే అత్తా," అంది రిహాబ్. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.