ఆరో ముద్దాయి

"మీ మీద కేసులేమన్నా ఉండాయా సార్?" అని అడిగింది వీసా కాగితాలు నింపే ఆమె. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిలో, మేడ మీద ఆమె ఆఫీసు. ఊరు, ఉద్యోగం అడిగిన గొంతుతోనే అదీ అడిగింది. ఒకటుందన్నాను. ఆమె వేళ్లు ఆపి నన్ను కొత్తగా చూసింది. డిగ్రీ కాలేజీలో పద్యాలు చెప్పుకునేవాణ్ణి, కొట్లాట కేసులో ఆరో ముద్దాయిని.

మా పక్క ఇదేం వింత కాదు. సింహాద్రిపురం దగ్గర మా ఊళ్లో, చీనీ తోటకు నీళ్లు పోయే పైపు విషయంలో మా పెద్దనాయన వాళ్లకూ పక్క తోట వాళ్లకూ కట్టెలతో కొట్లాట జరిగింది. ఆ పూట నేను ప్రొద్దుటూరులో పరీక్ష హాల్లో కాపలా తిరుగుతున్నాను. అయినా వాళ్లిచ్చిన ఫిర్యాదులో నా పేరుంది. ఫిర్యాదు రాసేటప్పుడు అవతలి ఇంట్లో మీసమొచ్చిన ప్రతివాడినీ ఎక్కించడం మా ఆచారం. మావాళ్లేం తక్కువ తినలేదు. పెద్దనాయన పెట్టిన ఎదురు కేసులో, మంచం దిగలేని వాళ్ల ముసలాయన కూడా కట్టె పట్టుకొని ఉరికొచ్చాడు. రెండు కేసులకూ ఏళ్ల తరబడి పులివెందుల కోర్టులో వాయిదాలే.

నేను పోవలసింది ఇంగ్లండుకు. జమ్మలమడుగులో నర్సింగు చదివి అక్కడ పనిచేస్తున్న మా చెల్లెలికి కాన్సర్ ముదిరింది. డాక్టర్లు చేతులెత్తేశారు. విమానమెక్కే స్థితిలో లేదు. "అన్నా, ఒక్కసారి వచ్చిపో" అంది ఫోన్లో. పెళ్లయి పోయినాక అది నన్నేదైనా అడగడం అదే మొదలు.

"లేదని పెట్టేద్దాం సార్" అంది వీసా ఆమె, గొంతు తగ్గించి. బయటపడితే ఏమవుతుందని అడిగాను. "ఇంగ మిమ్మల్ని రానీరు. కేసు నడుస్తాందని రాసినా కష్టమే. రాజీ చేసుకోని కొట్టేయించుకోని రాండి." ఉన్న ఒక్క దారినీ అబద్ధంతో మూసుకోదలచుకోలేదు. లేచి వచ్చేశాను.

ఆదివారం అవతలి ఇంటికి పోయాను. ఫిర్యాదు ఇచ్చినాయనను కొట్లాటకు ముందు నేను మామా అనే పిలిచేవాణ్ణి. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"ఆ పొద్దు నేను ఊళ్లోనే ల్యా గదా. నా పేరెందుకు రాస్తిరి మామా?"

"తెలుసప్పా. నీ మీద గౌరవంతోనే రాసినాం. సదువుకున్నోడివి. నిన్ను ఇడిసిపెట్టింటే మనిషి లెక్కలోకే తీసుకోలేదని మీ పెద్దనాయనే బాధపడుండేవాడు."

చెల్లెలి సంగతి చెప్పాను. "ఆ పాపకా" అన్నాడు. "మేం రాజీకొస్తాం. మీ పెద్దనాయన పెట్టిందీ తియ్యల్ల. ఒగటి తీసి ఒగటి పెట్టుకుంటే మావాళ్లు ఒప్పుకోరు."

న్యాయమైన మాటే. అడ్డం తిరిగింది మా ఇంట్లోనే. మా నాయన పోయినాక మా ఇద్దరినీ సాకింది పెద్దనాయనే. కొట్లాటలో విరిగిన ఆయన కుడి చెయ్యి ఇప్పటికీ నోటిదాకా రాదు. ఎడమ చేత్తో తింటాడు. ఆ చెయ్యి చూపించి, "దీన్ని వాళ్లు బాగుచేస్తారా? నేను బతికుండంగా ఆ కేసు తీసేది ల్యా" అన్నాడు. చెల్లెలి పేరెత్తితే, "బాగైతాదిలేరా" అని లేవబోయాడు. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చావుబతుకుల్లో ఉన్న పిల్ల కంటే ఒక కట్టెదెబ్బ పెద్దదా?

చెల్లెలికి వీడియో కాల్ చేసి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. జుట్టు లేని తల, లోపలికి పోయిన కళ్లు. ఆయన మొదట గుర్తుపట్టలేదు. "పెద్దనాయనా, అన్నను పంపీ" అంది అది. ఆయన ఫోన్ నాకిచ్చేసి గోడవైపు తిరిగాడు. "రేపు లాయరు దగ్గరికి పోదాం పా" అన్నాడు.

పోయాం. రెండు ఇళ్ల వాళ్లమూ ఒకే బెంచీ మీద కూర్చొని సంతకాలు పెట్టాం. కోర్టులో మాత్రం ముద్దాయిలంతా కనబడాలన్నాడు లాయరు. మావాళ్లు కాగితం మీద ఉరికించిన ముసలాయన అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన రాలేకపోయినందుకు మళ్లీ వాయిదా పడింది.

ఆ వాయిదా రాకముందే చెల్లెలు పోయింది.

అక్కడ దహనమైన రోజు దాని భర్త ఫోన్ చేశాడు. పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పందే మాలో పోయిన ఆడబిడ్డను కాటికి సాగనంపరు. "పక్కింట్లో ఉండే నెల్లూరామె కొత్త చీర ఒకటి ఇచ్చింది బావా. మీరు తెచ్చినట్టే అనుకోని కప్పినాం" అన్నాడు. అన్నం తింటున్న పెద్దనాయన, చీర ఏం రంగని అడగమన్నాడు. అడిగాను. ఆకుపచ్చదట. ఆయన ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

వాయిదాకు పోక తప్పదు, పోకపోతే వారంటు వస్తుంది. ముసలాయనను కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చి, నలుగురు పట్టి లోపలికి మోశారు. ఇష్టపూర్వకంగానే రాజీ పడుతున్నారా అని జడ్జి అడిగి రెండు కేసులూ కొట్టేశారు. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

మెట్లు దిగుతుంటే మామ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పేరు తీసేసినార్లేప్పా. ఇంగ నువ్వు యాడికైనా పోవచ్చు."

"యాడికి పోవల్ల మామా?" అన్నాను.