పట్టీ లేని మోకాలు

టైర్ల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ క్లబ్బులో ప్రెసిడెంటు గదికి వెళ్ళినవాళ్ళకి ముందు కనబడేది గోడ మీది ఫోటో. పంతొమ్మిదేళ్ళ కిందటి కప్పు ఫైనల్. నడుమ కప్పు పట్టుకుని నిలబడ్డవాడు అప్పటి స్టాపర్ బ్యాక్. కుడి మోకాలికి తెల్లటి పట్టీ ఉంటుంది. చూసినవాళ్ళు "పాపం, ఆ కాలితోనే ఆడాడు" అంటారు. అతను ఎవరినీ సరిదిద్దలేదు. దెబ్బ తగిలింది ఎడమ మోకాలికి.

జనం అతన్ని గొళ్ళెం అనేవారు. గోలు ముందు అతను నిలబడితే తలుపు వేసేసినట్టేనని. పన్నెండు సీజన్లు ఆడి రెండే గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి సొంత గోల్లోకి. ఇంకెవరో చెప్పి నవ్వకముందే ఆ సంగతి తనే చెప్పేసేవాడు.

పట్టీ వెనక ఒక ఎత్తు ఉంది. అవతలి జట్టు ఫార్వర్డులు మైదానంలోకి రాగానే ఎవరి కాలికి పట్టీ ఉందో చూసుకుంటారు. రిఫరీ అటు తిరిగాడంటే బూటు సరిగ్గా అక్కడే తగులుతుంది. అందుకని గొళ్ళెం బాగున్న మోకాలికి పట్టీ చుట్టి, బాగాలేనిదాన్ని మామూలుగా వదిలేసేవాడు. జట్టులో అందరికీ ఈ సంగతి తెలుసు. డాక్టరుకు తెలియదు.

ఫైనల్ రోజున డాక్టరు నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షను పట్టుకుని డ్రెస్సింగ్ రూములోకి వచ్చాడు. బయట అప్పటికే బ్యాండు మోగుతోంది. ఎంతటి ఫార్వర్డు మీదికి వచ్చినా రెప్ప వేయని గొళ్ళేనికి సూదంటే భయం. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సూది దిగాక గానీ తెలియలేదు, దిగింది పట్టీ ఉన్న కాల్లోకని.

"అది కాదు డాక్టరు గారూ, రెండోది."

"ముందే చెప్పొద్దటయ్యా," అని విసుక్కుని డాక్టరు రెండోదాన్లో కూడా ఒకటి పొడిచాడు.

ఆ రోజు రెండు కాళ్ళూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఆడాడు. అరవయ్యో నిమిషంలో ఎడమ మోకాల్లో ఏదో తెగింది. చప్పుడు విన్నాడు. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఇంకో అరగంట ఆడాడు. ఆ అరగంటలో బరువంతా మోసి కుడిది కూడా పోయింది. కప్పు గెలిచారు. మర్నాడు మంచం దిగలేకపోయాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. మళ్ళీ ఆడలేదు.

క్లబ్బు అతన్ని వదిలేయలేదు, అలాగని నెత్తిన పెట్టుకోనూ లేదు. మూడేళ్ళు ఫ్యాక్టరీ స్టోర్సులో కూర్చోబెట్టింది. తరవాత జూనియర్ జట్టును అప్పజెప్పింది. పరిగెత్తి చూపించలేని కోచ్ కాబట్టి స్టూలు మీద కూర్చుని నోటితోనే నేర్పాడు. బంతి ఎటు పోతోందో చూడడం మానేసి ఆటగాళ్ళ అడుగులు చూడడం అలవాటైంది. ఎవరు ఏ కాలు దాచుకుంటున్నారో అతని దగ్గర దాగేది కాదు. తొమ్మిదేళ్ళు జూనియర్లు, నాలుగేళ్ళు అసిస్టెంటు, మూడేళ్ళ నుంచి మేనేజరు.

ఆ మూడో ఏడే జట్టు మెడ మీదికి కత్తి వచ్చింది. చివరి మ్యాచ్ గెలిస్తే పై డివిజన్‌లో ఉంటారు. ఓడినా, సమానమైనా కిందికి దిగాలి. గెలిపించగలవాడు జట్టులో ఒక్కడే. ఒకచోట నిలవడు కాబట్టి అందరూ వాణ్ణి పాదరసం అనేవారు. ఆ ఏడాది జట్టు కొట్టిన గోల్స్‌లో సగం వాడివే.

మ్యాచ్‌కి మూడు రోజుల ముందు, ప్రాక్టీసు అయ్యాక, పాదరసం గ్యాలరీ మెట్లు దిగుతుంటే గొళ్ళెం చూశాడు. వాడు రెయిలింగు పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతున్నాడు. తను పంతొమ్మిదేళ్ళుగా దిగుతున్నది అలాగే.

"ఏ కాలు?" అన్నాడు.

"ఏం లేదు సార్, పట్టేసింది."

"ఏ కాలని అడిగాను."

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాడు. లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు సగం చిరిగి ఉందనీ, ఆరు వారాలు కదలకుండా ఉంటే దానంతటదే అతుక్కుంటుందనీ, ఆడితే మిగతా సగం తెగుతుందనీ అక్కడి డాక్టరు చెప్పింది. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం క్లబ్బు సెక్రటరీ ఇంటికి వచ్చాడు. సెక్రటరీ అతని భార్యకు అన్న. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"బావా, ప్రెసిడెంటు గారికి తెలిసిపోయింది. మన క్లబ్బు డాక్టరుతో మాట్లాడారు. ఒక్క ఇంజెక్షనుతో పోయేదానికి ఇంత గొడవెందుకంటున్నారు."

"ఏం పోతుందట?" అన్నాడు గొళ్ళెం.

"నొప్పి."

"నొప్పి పోతుంది బావా. కాలు కూడా పోతుంది."

"ఆ పిల్లాడే ఆడతానంటున్నాడు కదా. పెద్ద క్లబ్బువాళ్ళు వాణ్ణి చూడ్డానికి వస్తున్నారు. వాడి నోటి దగ్గర కూడు నువ్వెందుకు లాగేయడం?"

సెక్రటరీ చెల్లెలివైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవే. మ్యాచ్ పోతే ఈయన ఉద్యోగం కూడా పోతుంది. నేను అడ్డం పడలేను."

ఆమె టైలరు. ఒడిలో ఉన్న చొక్కాకి గుండీ కుడుతూ తల ఎత్తకుండా అంది. "పొద్దున్నే ఈయన్ని మంచం మీంచి లేపి నిలబెట్టేది నేనన్నయ్యా. రేపా పిల్లాడికి పెళ్ళైతే వాడి పెళ్ళానికి కూడా ఆ పనే అప్పజెప్పమంటావా? కావాలంటే ఎలా లేపాలో నేర్పుతాలే."

సెక్రటరీ కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆటగాళ్ళ లిస్టు మ్యాచ్‌కి గంట ముందు లీగ్ అధికారికి ఇవ్వాలి. పద్దెనిమిది పేర్లకి పద్దెనిమిది గళ్ళు. ఆయన సంతకం పడ్డాక కొత్త పేరు ఎక్కదు, ఎవరు చెప్పినా ఎక్కదు. మేనేజర్లందరూ ఆఖరి నిమిషం దాకా లిస్టు చంకలో పెట్టుకుని తిరుగుతారు. ఆదివారం నాలుగింటికి ఆటయితే గొళ్ళెం ఒంటిగంటకే ఇచ్చేశాడు. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. అధికారి అప్పుడే అన్నం తిని వస్తున్నాడు. "ఇంత తొందరేమిటండీ" అంటూనే సంతకం పెట్టాడు.

రెండున్నరకి ప్రెసిడెంటు డ్రెస్సింగ్ రూముకి వచ్చాడు. వెనక క్లబ్బు డాక్టరు, సంచితో. అదే డాక్టరు. జుట్టు నెరిసిందంతే. బెంచీ మీద పాదరసం అప్పటికే ప్యాంటు మోకాలి పైదాకా మడిచి కూర్చున్నాడు.

"కానివ్వండి," అన్నాడు ప్రెసిడెంటు.

"అక్కర్లేదు సార్. లిస్టు ఇచ్చేశాను. అందులో వాడి పేరు లేదు."

గదిలో బూట్ల తాళ్ళు బిగిస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎవర్నడిగి ఇచ్చావ్?"

"లిస్టు రాసేది మేనేజరు కదా సార్. నన్ను నేనే అడిగాను."

పాదరసం లేచాడు. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అది అందరూ చూశారు, వాడు తప్ప. "ఇది నా కాలు సార్. మీది కాదు. మీరు ఆడలేదా? కప్పు పట్టుకుని ఫోటో దిగలేదా? మీకో న్యాయం, నాకో న్యాయమా?"

"ఆ ఫోటోలో నా పట్టీ ఏ కాలికుందో చూశావా?"

"కుడికి."

"దెబ్బ తగిలింది ఎడమకి. తన్నేవాళ్ళని ఏమార్చడానికి బాగున్నదానికి చుట్టాను. డాక్టరు గారు కూడా ఏమారారు. ఆ రోజు ఎన్ని సూదులు వేశారో ఆయన్నే అడుగు."

అందరూ డాక్టరువైపు చూశారు. డాక్టరు సంచి జిప్పు సర్దుకుంటూ, "ఎప్పటి సంగతయ్యా అది," అన్నాడు.

"ఇవాళ పొద్దున మంచం దిగేటప్పటి సంగతి డాక్టరు గారూ. రేపు పొద్దున కూడా ఉంటుంది."

ప్రెసిడెంటు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఫ్యాక్టరీలో అందరికీ భయం. "జట్టు కిందికి దిగితే రేపట్నుంచి నీ గతేమిటో తెలుసా?"

"రేపటి సంగతి రేపు చూద్దాం సార్. ఇవాళ మాత్రం మేనేజర్ని నేనే. మీరు పక్కకి జరిగితే జట్టుతో మాట్లాడుకుంటాను."

పాదరసం బూట్లు గోడకేసి కొట్టి బయటికి పోయాడు.

ఆ రోజు జట్టు ప్రాణం పెట్టి ఆడింది. వెనక వరుస ఒక్క బంతినీ లోపలికి రానివ్వలేదు. కానీ గోలు కొట్టే కాలు గ్యాలరీలో కూర్చుని ఉంది. రెండుసార్లు బంతి గోలు ముందుకి వచ్చి ఖాళీగా నిలబడింది. అక్కడ ఉండాల్సినవాడు లేడు. సున్నా సున్నా. ఈల మోగగానే గ్యాలరీ నుంచి నీళ్ళ సీసాలు పడ్డాయి. ఒకటి అతని భుజానికి తగిలింది. పెద్ద క్లబ్బు మనుషులు ఆట సగంలోనే లేచి వెళ్ళిపోయారని తరవాత తెలిసింది.

సోమవారం సెక్రటరీ ఆఫీసుకి పిలిపించి ఒక కాగితం ముందుకి జరిపాడు. టైపు చేసి ఉంది. ఆరోగ్య కారణాల వల్ల మేనేజరు బాధ్యతల నుంచి స్వచ్ఛందంగా తప్పుకుంటున్నాను అని.

"సంతకం పెట్టెయ్ బావా. మర్యాదగా పోతుంది. సన్మానం కూడా చేస్తామంటున్నారు."

అతను రెండుసార్లు చదివాడు. "ఎవరి ఆరోగ్యం?"

"నీదే. మోకాళ్ళున్నాయిగా."

"నా మోకాళ్ళు పోయి పంతొమ్మిదేళ్ళైంది. అప్పుడెవరూ కాగితం రాయలేదే." కాగితం మీద వేలు పెట్టాడు. "నేను తప్పుకోవడం లేదు బావా. మీరు తీసేస్తున్నారు. తీసేశామని రాయండి. కింద కారణం రాయండి. ఆటగాడికి ఇంజెక్షను వేయనివ్వలేదు కాబట్టి అని. ప్రెసిడెంటు గారి సంతకం ఉండాలి. అలా రాసిస్తే ఇంటికెళ్ళి అద్దం కట్టించుకుంటాను."

"అలా ఎవరైనా రాస్తారా?"

"రాయకపోతే నేనే మేనేజర్ని."

కాగితం తిరగేసి, బావ జేబులోంచి పెన్ను లాక్కుని, వెనకవైపు రాశాడు. మంగళవారం పొద్దున ఆరింటికి ప్రాక్టీసు, అందరూ రావాలి. కింద సంతకం పెట్టాడు. "ఇదిగో, సంతకం అడిగావుగా. నోటీసు బోర్డు మీద పెట్టు."

సెక్రటరీ ఆ కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. ఎటువైపు బయటికి పెట్టాలో అతనికి తోచలేదు. చివరికి బోర్డు మీద పెట్టనూ లేదు, చించనూ లేదు.

అయినా మంగళవారం ఆరింటికల్లా గొళ్ళెం మైదానంలో ఉన్నాడు, భుజాన బంతుల వలతో. కబురు నోటినోటా పాకినట్టుంది. ఒక్కొక్కరే వచ్చి, పదిహేనుమందయ్యారు. పాదరసం రాలేదు. ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని గొళ్ళేన్ని తిడుతున్నాడని గోల్‌కీపరు చెప్పాడు.

"కాలు చాపుకునే తిడుతున్నాడా?"

"దిండు కూడా పెట్టుకున్నాడు సార్."

"తిట్టనీ. ఇంకా ఐదున్నర వారాలుంది," అన్నాడు, స్టూలు మీద కూర్చుంటూ. "మీరు మొదలుపెట్టండి. కింది డివిజన్‌లో గడ్డి ఉండదు, పడితే చర్మం లేస్తుంది. ముందు పడడం నేర్చుకుందాం."