స్పీకర్‌లో సుజాత

చావింటికి వెళ్ళి, అక్కడ ఏడుస్తున్నవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వేలా చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి. ఆ ఘనత నాదే. అలాంటి పొద్దు పగవాడికి కూడా వద్దు.

ముందు నా ఉద్యోగం చెప్పాలి. కర్నూలులో ఒక ఆసుపత్రిలో అవయవదాన సమన్వయకర్తను. ఈ పేరు కడపలో మా బంధువులెవరికీ నోరు తిరగక 'అడిగే పని' అంటారు. నిజానికి అదే సరైన పేరు. ఆసుపత్రిలో పోయినవాళ్ళయితే కిడ్నీలు, కాలేయం, ఇంట్లో పోయినవాళ్ళయితే కళ్ళు ఇస్తారా అని అయినవాళ్ళను నెమ్మదిగా అడగాలి. కళ్ళకు గడువు ఆరు గంటలు. బతికుండగా మనిషి ఎన్ని కాగితాల మీద సంతకం చేసినా, చివరికి ఇంట్లోవాళ్ళు ఊఁ అంటేనే పని జరుగుతుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోకపోబట్టే ఈ కథ.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఆరు నెలలు, పెళ్ళయి తొమ్మిది నెలలు. పెళ్ళాం సుజాత మా మేనమామ కూతురే. శిక్షణలో నేర్పిన సానుభూతి ముఖాన్ని రోజూ అద్దం ముందు సాధన చేసేవాణ్ణి. ఒకరోజు సుజాత చూసి, "కడుపునొప్పా బావా? వాము నమిలిపో" అంది. అంత గొప్పగా ఉండేది నా సానుభూతి.

ఒకరోజు పొద్దున్నే ఆలూరు దగ్గరి పల్లె నుంచి ఫోన్. లింగారెడ్డి అనే ఎనభై రెండేళ్ళ పెద్దాయన ఆరు గంటలప్పుడు నిద్రలోనే పోయారు. వాళ్ళబ్బాయి రామిరెడ్డి ఆమధ్య వాళ్ళ ఊరి బడిలో నా ఉపన్యాసం విన్నాడట. "మా నాయన కండ్లు ఇచ్చే ఆలోచన ఉండాది సార్. మా అమ్మ ఊఁ అనల్ల" అన్నాడు. ఫ్యాను ఆపి, కళ్ళ మీద తడి దూది పెట్టమని చెప్పి పరుగెత్తాను. ఆ హడావుడిలో మధ్యాహ్నానికి సుజాత కట్టిన సద్ది డబ్బా ఇంట్లోనే మరిచాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

కళ్ళు తీసే ఖాజా, ఐసు పెట్టె, నేను జీపులో పల్లె చేరేసరికి తొమ్మిదిన్నర. పన్నెండు దాటితే ఆ కళ్ళు ఎవరికీ పనికిరావు. కర్నూలులో ఇద్దరు వాటి కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె అప్పటికే రెండుసార్లు ఆశగా వచ్చి ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళింది. మూడోసారి ఆమెకు ఏం చెప్పాలా అని దారి పొడవునా నాకు అదే దిగులు.

పెద్దాయన పక్కన ఆయన భార్య నాగమ్మవ్వ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిన ముఖం. నేను ముఖం సర్దుకుని పక్కన చతికిలబడ్డాను. అవ్వకు చెవుడు కాబట్టి కళ్ళ సంగతి గట్టిగా అడగాల్సి వచ్చింది. గట్టిగా అరుస్తూ సానుభూతి చూపించడం ఎంత కష్టమో ఒకసారి మీ ఇంట్లో ప్రయత్నించి చూడండి.

"ఆయప్పకు నొప్పి అయితాదా నాయనా?"

"కాదవ్వా."

"మొగం పాడైతాదా?"

"పాడు కాదవ్వా. రెప్పలు మూసినట్టే ఉంటాయి."

పెద్దాయన తమ్ముడు తిమ్మారెడ్డి లేచాడు. "వచ్చే జన్మలో మాయన్న గుడ్డోడై పుడితే నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తావా?"

"నువ్వుండు తిమ్మా" అంది అవ్వ. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "నువ్వు రాసిచ్చినావా నాయనా, నీ కండ్లు?"

నా సంచిలో అరవై ఖాళీ ఫారాలు ఉన్నాయి. నిండిన నా ఫారం ఒక్కటీ లేదు. ఎందుకంటే సుజాతను అడిగే ధైర్యం నాకు లేదు. చెప్పేవి శ్రీరంగనీతులు, దాచుకునేవి సొంత కళ్ళు. లేదని చెప్పి ఉంటే అయిపోయేది. నాకు అంత తెలివి ఉంటే ఈ జ్ఞాపకం ఉండేదా?

"రాసిచ్చినానవ్వా" అన్నాను.

ఖాజా దగ్గాడు.

"మీ ఇంటామె ఒప్పుకున్యాదా?"

"ఒప్పుకోవడమేంది అవ్వా! ముందు రాసిచ్చింది ఆమెనే."

ఖాజాకు దగ్గు ఎక్కువయింది. అవ్వ ముఖం మాత్రం కాస్త తేటబడింది. "అట్లయితే ఆ పాపకు ఫోన్ చెయ్యి నాయనా. మనసుకు ఎట్ల చెప్పుకున్యాదో అడుగుతా. ఆడదాని సంగతి ఆడదానికే తెలుస్తాది."

"ఈడ సిగ్నల్ ఉండదేమో అవ్వా..."

"మా ఇంట్లో నాలుగు గీతలూ ఉంటాయి సార్" అన్నాడు రామిరెడ్డి వినయంగా. "అమ్మకు వినపడదు, స్పీకర్ పెట్టండి."

పది సార్లు చేస్తే ఒకసారి ఎత్తే మనిషి సుజాత. ఆ రోజు మాత్రం మొదటి రింగుకే ఎత్తింది.

"ఏం బావా, సద్ది డబ్బా యాడుండాది?" ఇల్లంతా మార్మోగింది. "గూట్లో ఎదురుంగా పెట్టినా కదా? కనపడల్యా? ఆ కండ్లు ఎందుకుండాయి నీకు? అలంకారానికా?"

"సుజాతా, అది తర్వాత. ఈడ ఒక అవ్వ నీతో మాట్లాడాలంట. మనిద్దరం కళ్ళు రాసిచ్చినాం కదా, దాని గురించి." రాసిచ్చినాం అనే మాటను ఎంత ఒత్తి పలకగలనో అంత ఒత్తాను. తెలివిగలది, అందుకుంటుందని ఆశ.

"రాసిచ్చినామా? ఎవురు? యాడ? ఎప్పుడు? నాకు చెప్పకుండా నా కండ్లు రాసిచ్చేసినావా?"

"లేదు లేదు..."

"మరి నీవి రాసిచ్చేసినావా?"

"అదీ లేదు..."

"నావీ కాదు, నీవీ కాదు. ఇంక ఎవురివి? మా నాయనవా?"

మూలన కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూసి ఇంకొకామె. తిమ్మారెడ్డి తొడ చరిచాడు. "చూసినారా! ఈయప్ప కండ్లు ఈయప్పకు కావల్ల. మాయన్నవి మాత్రం ఊరికి పంచల్ల!"

ఖాజా నా చెవిలో, "అన్నా, జీపు స్టార్ట్ చేసేదా?" అన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట అడక్కుండానే రచ్చకెక్కాను. సిగ్గుతో చచ్చిపోయాను. రెండుసార్లు వెనక్కి వెళ్ళిన ఆమె నా కళ్ళ ముందు మెదిలింది. నా గొప్పల వల్ల ఆమె మూడోసారి కూడా ఉత్త చేతులతో వెళ్తుందనిపించి ఏడుపొచ్చింది.

"అబద్ధం చెప్పినానవ్వా. తప్పయింది. నేను రాసియ్యలేదు. ఇంట్లో అడగను కూడా అడగలేదు. అడిగేదానికి భయం" అన్నాను. ఈసారి ముఖం సర్దుకోలేదు.

అవ్వ నా చేతిలో ఫోన్ తీసుకుంది. "అమ్మా, నేను నాగమ్మను. మాయప్ప పొద్దున పోయినాడు."

"అయ్యో, అవ్వా!" సుజాత గొంతు ఒక్కసారిగా దిగింది.

"నీ మొగుణ్ణి ఇంటికొచ్చినాక కొట్టుకుందువులే. నాకొకటి చెప్పు. నిన్ను అడిగింటే ఇచ్చుందువా?"



"తెలీదవ్వా. నాకు శానా భయం అయితాది."

"నాకూ భయమే అమ్మా. మాయప్ప కండ్లు శానా బాగుండేవి. కంట్లో పొర తీసినాక ఇంకా బాగయినాయి. నిన్న సాయంత్రం కూడా నా సూదిలో దారం ఆయప్పే ఎక్కిచ్చినాడు. ఇచ్చేకి మనసు రాదు. మట్టిలో కలిపేకీ మనసు రాదు."

"నిన్ననా అవ్వా?" అంది సుజాత. ఫోన్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. అటు కర్నూలులో ఆమె, ఇటు ఆలూరు దగ్గర ఈమె, మధ్యలో ఫోన్ పెట్టుకుని కాసేపు ఏడ్చారు.

తర్వాత అవ్వ ఫోన్ నాకిచ్చి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు భయమే లేదన్నట్టు చెప్తాంటే నాకు భయమాయె నాయనా. ఆ పాప భయమని చెప్తానే ధైర్యం వచ్చె. యాడ, ఆ కాగితం?"

పదకొండుంపావుకు వేలిముద్ర వేసింది. సాక్షి సంతకం ఎవరు పెట్టారనుకున్నారు? తిమ్మారెడ్డి. "మా వదిన మాటే మాట" అని గొణుగుతూనే పెట్టాడు. ఖాజా ఇరవై నిమిషాల్లో పని ముగించాడు. అవ్వ వచ్చి మొగుడి ముఖం చూసి, చెంప నిమిరి, "అట్లనే ఉండాడు" అంది.

అంతా బాగానే ముగిసింది. నేను నోరు మూసుకుని బయటపడితే చాలు. చావింట్లో చెప్పకుండా వెళ్ళిపోవాలని నాకు తెలుసు. తెలిసి కూడా గడప దగ్గర ఆగి, చేతులు జోడించి, "పోయొస్తా" అన్నాను. అందరూ కొయ్యబారిపోయారు. అన్న తర్వాత వంతు తనదే కాబట్టి తిమ్మారెడ్డి ముందు తేరుకున్నాడు.

"ఇప్పుడిప్పుడే రావద్దులేప్పా!"

కళ్ళు ఆసుపత్రిలో అప్పగించి, రెండుసార్లు వెనక్కి వెళ్ళిన ఆమెకు కబురు పెట్టి, సాయంత్రం ఇల్లు చేరాను. సుజాత తిడుతుందనుకున్నాను. మాట్లాడకుండా నా సంచిలోంచి రెండు ఫారాలు తీసింది. ఒకదాని మీద తన పేరు రాసి సంతకం చేసింది. రెండోది నా పేరుతో నింపింది కానీ, ఇంట్లోవాళ్ళ సంతకం దగ్గర కలం ఆపింది. లేచి వెళ్ళి సూది, దారం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదేంది?"

"ఎదురుంగా ఉన్న సద్ది డబ్బా కనపడని కండ్లు ఎవురికిస్తావు బావా? తీసుకున్నోళ్ళు నన్ను తిట్టుకుంటారు. ముందు ఎక్కిచ్చు, చూస్తా."

పదకొండుసార్లు తప్పింది. పన్నెండోసారి ఎక్కింది. కళ్ళల్లో నీళ్ళుంటే ఎవరికైనా అంతే. అప్పుడు సంతకం పెట్టింది.

కాబట్టి మహాజనులారా, ఆ సూది సాక్షిగా శపథం చేస్తున్నాను. మా వంటింట్లో అడగనిది ఇంకొకరి గడపలో అడగను. చావింట్లో పోయొస్తానని అనను. ఇక సద్ది డబ్బా అంటారా, అది మరిచిపోనని మాత్రం మాటివ్వలేను. ఆ రోజు పెట్టిన చోటే, గూట్లో ఎదురుగా ఉందట. నాకు ఇప్పటికీ కనపడలేదు.