సున్నం మరకల కథ పుస్తకం

మా తెలుగు టీచర్ పోయారని కృష్ణగిరిలో నేను పనిచేసే ఆఫీసుకు ఫోన్ వచ్చినప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. పన్నెండేళ్లుగా ఆమెను నిలదీయాలనుకున్న ప్రశ్న ఒకటి ఉంది, ఇక దానికి జవాబు చెప్పేవాళ్లు లేరే అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. నాది మొదటి నుంచీ అనుమానపు బుద్ధి. ఆమె మాత్రం దాన్ని ఎప్పుడూ తప్పనలేదు.

తొంభైలలో ఉద్దనపల్లి దగ్గర మా హైస్కూల్లో తెలుగు మీడియం ఆడపిల్లలం పదకొండు మందిమి. రాజకుమారుల కథలు దాటిపోయిన వయసు మాది. పెద్దవాళ్ల నవలలు ఇంట్లో ముట్టనివ్వరు. మా వయసుకు పుస్తకమే లేదని టీచరే రాయడం మొదలుపెట్టారు. గట్టి అట్ట ఉన్న పొడవాటి నోట్‌బుక్కులో వారానికి నాలుగైదు పుటలు, గుండ్రటి అక్షరాలతో. అందులో మా ఈడు పిల్ల ఒకతె ఉండేది. దాని పేరేమిటని అడిగితే, "మీరే పెట్టుకోండి. నచ్చకపోతే రేపు మార్చుకోండి" అనేవారు.

హొసూరు నుంచి బస్సులో నిలబడి వచ్చి కూడా ఆమె ఏనాడూ కుర్చీలో కూర్చుని పాఠం చెప్పలేదు. ఆమె బీరువాలో ఆ నోట్‌బుక్కు పక్కనే ఉతికి మడతపెట్టిన నూలు గుడ్డలు ఉండేవి. అవసరమైన పిల్ల ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చు. ఏ పాఠమైనా ఒకే మాటతో ముగించేవారు: "ఏది చదివినా అనుమానంగా చదవండి. ఇది ఎవరి కోసం రాసినారు అని అడగండి."

నోట్‌బుక్కును మేం వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. అది తన కథేనని ప్రతి పిల్లకూ అనుమానం. తన గుట్టు ఎవరో టీచర్‌కు మోస్తున్నారని ఇంకో అనుమానం. ఇక మా నాయన అనుమానం ముందు ఇవన్నీ ఏపాటి! అందులో ప్రేమా గీమా ఉందేమోనని, నా వంతు వచ్చినప్పుడల్లా ఆకువక్క నములుతూ తనే ముందు చదివేవాడు. పుట తిప్పినప్పుడల్లా వేలికున్న సున్నం కాగితం మూలకు అంటేది. ఆ మరకలతో పుస్తకం తిరిగివ్వాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. టీచర్ వాటిని చూసేవారు, తుడిచేవారు కాదు.

తొమ్మిదో తరగతిలో నేను పెద్దమనిషినయ్యాను. మేనమామ వచ్చి పెరట్లో కొబ్బరాకులతో గుడిసె వేశాడు. పదహారు రోజులు అందులోనే ఉండాలి. మా ఊళ్లో ఆ గుడిసెలో కూర్చున్న పిల్లలెవరూ మళ్లీ బడికి పోలేదు. నన్ను కూడా ఇక మానిపిస్తానని నాయన అందరి ముందూ చెప్పేశాడు. రోజూ బస్సు హారన్ వినబడగానే నేను ఆకుల గోడకు చెవి పెట్టి, ఇప్పుడు తెలుగు, ఇప్పుడు లెక్కలు అని పీరియడ్లు చెప్పుకుంటూ ఏడ్చేదాన్ని. అన్నం పెట్టే అమ్మ తప్ప నా దగ్గరికి ఎవరూ రారు.

పన్నెండో రోజు టీచర్ వచ్చారు. బతిమాలడానికి వచ్చారనుకుని ఆశగా విన్నాను. ఆమె బడి మాటే ఎత్తలేదు. అమ్మ పెట్టిన నువ్వుల చిమ్మిలి తిన్నారు, టమోటా పంట గురించి అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి నోట్‌బుక్కు తీసి నాయన చేతికిచ్చారు.

"గుడిసెలో ఉండే పిల్ల పుస్తకం ముట్టకూడదంట కదప్పా. పాపకు కథ నిలిచిపోయింది. మీరే ఈడ కూర్చోని చదివి వినిపించండి."

నాయన రెండు రోజులు తనలో తను చదువుకున్నాడు. మూడో రోజు సాయంత్రం గుడిసె బయట మంచం వేసుకుని, కూడబలుక్కుంటూ చదవసాగాడు. కథలో పిల్ల ఆకుల గుడిసెలో కూర్చుని ఉంది. బస్సు హారన్ వినబడితే, ఇప్పుడు తెలుగు, ఇప్పుడు లెక్కలు అంటోంది. అవి నా మాటలే. ఆవుకు గడ్డి వేయడానికి వచ్చిన ఆ పిల్ల తండ్రి ఆ మాట విన్నాడు. వెళ్లి, మూలనున్న సైకిల్ బయటికి తీసి గాలి కొట్టసాగాడు. అక్కడ నాయన పుస్తకం మూశాడు. దగ్గి, మిగతాది రేపు చదువుతానన్నాడు. మిగతాది ఏమీ లేదని, కథ ఆ వారానికి అంతేనని నాకు తర్వాత తెలిసింది.

పదిహేడో రోజు పొద్దున నాయన సైకిల్ తీశాడు. "ఎక్కు. బస్సు పోతాది" అన్నాడు.

నేను సంతోషించాల్సింది. కానీ నా ఏడుపును నాయన నోటితో చదివించారన్న సిగ్గే మిగిలింది. మా పెరటి గోడ అవతలే ఇల్లున్న పక్క బెంచీ పిల్ల మోసిందనుకుని దానితో మాటలు మానేశాను. ఎవరు చెప్పినారని టీచర్‌ను అడిగితే, "అనుమానం ఉండనీ పాపా, మంచిదే" అని నవ్వారు. బడి వదిలేదాకా నేను మళ్లీ ఆ నోట్‌బుక్కు తీసుకోలేదు.

టీచర్ పోయిన పదకొండో రోజున హొసూరులో వాళ్లింటికి వెళ్తుంటే అమ్మ కూడా వస్తానంది. మా బడి వాకిలి కూడా తొక్కని మనిషికి ఇదేమిటని అప్పుడే అనుమానం వచ్చింది. అక్కడ అమ్మ సొంత అక్క పోయినట్టు ఏడ్చింది. టీచర్ చెల్లెలు నోట్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, ఇక దాచలేకపోయింది.

"నేనే చెప్పినాను పాపా. పాలు పోసేకి పోయినప్పుడు బడి గోడ కాడ నిలబడి చెప్పినాను. నా మాట మీ నాయన ఇనడు. రాసి ఉంటే ఇంటాడేమో అనుకొన్నాను. నీకు చెప్పొద్దని ఆమె దగ్గర నేనే ఒట్టు వేయించుకొన్నాను."

నేనన్నాళ్లు ఆమె మీద అలిగి ఉన్నానని నీకు తెలుసు కదా అని అడిగాను.

"తెలుసు. నీకు చెప్పేద్దామా అని ఆమె కాడికి పోయినాను. ఉండనీమ్మా, పిల్ల బడిలో ఉంది కదా, నా మీద కోపముంటే ఏమయింది అనింది."

అప్పుడు ఏడ్చాను. ఇది ఎవరి కోసం రాశారని ఆమె ప్రతి పాఠానికీ అడగమన్నారు. ఆ ఒక్క కథకు నేను అడగలేదు.

నోట్‌బుక్కు తెరిచాను. నాయన చదివిన ప్రతి పుట మూలా ఒక్కొక్క సున్నం మరక. సైకిల్‌కు గాలి కొట్టే పుట మూలలో మాత్రం ఒకదాని మీద ఒకటి ఐదారు ఉన్నాయి.

చదువు రాని అమ్మ మరకలు చూసే ఆ పుటను ఇట్టే గుర్తుపట్టింది. "అయితే నేనే చెప్పినానని ఆయనకు తెలిసిపోయిండునా?" అంది మెల్లగా. అలవాటు కొద్దీ మరక తుడవబోయి కొంగు పట్టుకున్న చేయి, కాగితం మీదే ఆగిపోయింది.